పెద్ద కుక్కకు ఎంత కారు కావాలి?

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాది. మ్యాపులో మాత్రం అది ఆంధ్ర నేలలోకి చొచ్చుకొచ్చి, దాదాపు అన్ని వైపులా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది. ఆఫీసుల్లో కన్నడం, ఇళ్ళల్లో చాలావరకు తెలుగు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండే ఇప్పుడు తాలూకాకు పేరు తెచ్చింది. తిరుమణి, వళ్ళూరు చుట్టుపక్కల ఐదు ఊళ్ళ పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. పలకల మీద పడి కరెంటయ్యే ఆ ఎండే, ఆగి ఉన్న కారు అద్దాల మీద పడితే లోపలి కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

ఈ తాలూకాలో పెద్ద కుక్క సరదా కోసం పెంచుకునేది మాత్రమే కాదు. శెనక్కాయ చేలున్నాయి, గొర్రెల దొడ్లున్నాయి, ఊళ్ళను ఆనుకుని బండరాళ్ళ గుట్టలున్నాయి, ఆ గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి. తోట ఇంట్లో ఒక కుక్క లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. నాటు కుక్కలతో పాటు ఇప్పుడు పట్టణంలోనూ తోటల్లోనూ లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, ఉత్తర కర్ణాటక నుంచి తెచ్చుకున్న ముధోళ్ వేటకుక్కలు కనిపిస్తున్నాయి. కుక్క ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ దానికి బండితో పని లేదు. కాలు విరిగిన రోజున, కడుపులో గడ్డ ఉందేమో స్కానింగ్ తీయించమన్న రోజున అసలు సమస్య మొదలవుతుంది. మామూలు జబ్బులకు తాలూకా పశువుల ఆసుపత్రి చాలు. పెద్ద ఆపరేషన్ అంటే చాలామంది చూపు బెంగళూరు హెబ్బాళలో 1958లో మొదలైన పశువైద్య కళాశాల వైపే. అది నూట యాభై కిలోమీటర్ల పైమాటే.

బస్సులో తీసుకెళ్ళకూడదా అంటే వెళ్ళొచ్చు. కర్ణాటక ఆర్టీసీ ఒకప్పుడు కుక్కకు పెద్దవాళ్ళ టికెట్టే కొట్టేది. 2022 నవంబరులో దాన్ని అర టికెట్టుకు తగ్గించింది. అయితే ఆ సౌకర్యం సాదా బస్సులకే, ఏసీ బస్సుల్లోకి కుక్కను ఎక్కనివ్వరు. 35 కిలోల జర్మన్ షెపర్డ్‌ను, అందులోనూ కాలికి కట్టుతో ఉన్నదాన్ని, కిక్కిరిసిన బస్సు మెట్లెక్కించడం ఎలా ఉంటుందో ఒకసారి ప్రయత్నించినవాళ్ళు రెండోసారి అడగరు. ఇంట్లో కారు మాట అక్కడ మొదలవుతుంది. నలుగురు మనుషులు, ఒక కుక్క, పది లక్షల లోపు లేదా కాస్త అటూ ఇటూ బడ్జెట్.

షోరూంలో అడిగితే వచ్చే మొదటి జవాబు లీటర్లలో ఉంటుంది. డిక్కీ 350 లీటర్లు, 430 లీటర్లు అంటారు. కుక్క ఉన్న ఇంటికి దీనికంటే పనికిరాని అంకె మరొకటి లేదు. ఆ లీటర్లను నీళ్ళు పోసి కొలవరు. జర్మనీ మోటారు పరిశ్రమ సంఘం పేరుతో చాలాచోట్ల వాడే ఒక పద్ధతి ఉంది. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మెలను డిక్కీలో పేరుస్తారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. చక్రం బుంగ పక్కనున్న ఇరుకు సందులోనూ, మూలనున్న గుంటలోనూ దిమ్మె దూరుతుంది, లెక్కలోకి వస్తుంది. కుక్క దూరదు. పైగా ఈ లెక్క సాధారణంగా వెనక సీటు వెనకున్న ట్రే ఎత్తు వరకే. లాబ్రడార్ కూర్చున్నా దాని తల ఆ ట్రేకు తగులుతుంది.

కాబట్టి ముందు కొలవాల్సింది కారును కాదు, కుక్కను. విమానాల్లో జంతువులను పంపడానికి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం చెప్పే సూత్రం ఇక్కడ మంచి మొదలు. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు పొడవు, నేల నుంచి మోచేతి వరకు ఎత్తు, భుజాల దగ్గర వెడల్పు, నిలబడ్డప్పుడు తల లేదా చెవి కొస వరకు ఎత్తు, ఈ నాలుగూ కావాలి. పెట్టె పొడవు అంటే కుక్క పొడవుకు మోచేతి ఎత్తులో సగం కలిపినంత. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు. ఎత్తు తల ఎత్తు, దానికి పరుపు మందం కలపాలి. ఒక జర్మన్ షెపర్డ్ పొడవు 100 సెంటీమీటర్లు, మోచేయి 34, భుజాలు 24, తల 76 అనుకుంటే, పరుపు కాక పెట్టె 117 పొడవు, 48 వెడల్పు, 76 ఎత్తు రావాలి. లెక్క కడితే అది సుమారు 427 లీటర్లు. కాగితం మీద 430 లీటర్లు రాసి ఉన్న ఎస్‌యూవీ డిక్కీలో అది సరిగ్గా పట్టాలి. టేపు తీసుకుని కొలిస్తే సీటు వెనక నుంచి తలుపు వరకు 117 సెంటీమీటర్లు ఉండవు, అడ్డంగా పెడదామంటే చక్రం బుంగలు కలవనివ్వవు.

ఆ సూత్రం గంటల తరబడి మనిషి కనిపించని విమాన ప్రయాణం కోసం రాసింది. రెండు గంటలకోసారి ఆపి దింపే కారు ప్రయాణానికి అంత పొడవు తప్పనిసరి కాదు. ముడుచుకుని పడుకోవడానికి, లేచి తిరగడానికి చోటుంటే చాలు. గుద్దుకున్నప్పుడు చూస్తే మరీ వదులుగా ఉన్న పెట్టె కంటే కుక్కకు దగ్గరగా ఉన్న పెట్టే మంచిది, లోపల కుక్క ఎగిరే దూరం తగ్గుతుంది. ఎత్తు విషయంలో మాత్రం రాజీ కుదరదు. వెనక అద్దం బాగా ఏటవాలుగా ఉన్న కొత్త ఫ్యాషన్ కార్లు చూపుకు బాగుంటాయి గానీ, ఆ వాలు సరిగ్గా కుక్క తల ఉండాల్సిన చోటినే కోసేస్తుంది. ముధోళ్ మగకుక్క మూపు ఎత్తే 68 నుంచి 72 సెంటీమీటర్లు. తల ఇంకా పైన. గ్రేట్ డేన్ మగదైతే మూపే 76కు తగ్గకూడదు, బరువు 54 కిలోలకు తగ్గకూడదు. ఇలాంటి కుక్కకు నిటారు వెనక తలుపున్న డబ్బా ఆకారపు బండే సరి.

మన దేశంలో డబ్బా ఆకారపు పొడుగు కార్లు ఇంత తక్కువ ఎందుకంటే దానికి బడ్జెట్ కారణం ఉంది. 2006-07 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారంటే పొడవు 4 మీటర్ల లోపు ఉండాలి, పెట్రోల్ ఇంజిను 1,200 సీసీ దాటకూడదు. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలోనూ గీత లోపలి కార్లకు 18 శాతం, దాటినవాటికి 40 శాతం. 4 మీటర్లలో ఇంజినుకు చోటు తప్పదు, మనుషుల కాళ్ళకు చోటు తప్పదు. కోత పడేది వెనకే. యూరప్‌లో కుక్కలున్న కుటుంబాలు దశాబ్దాలుగా వాడే ఎస్టేట్ కార్లు మన దగ్గరికీ వచ్చాయి. మారుతి బలేనో ఆల్టురా, టాటా ఇండిగో మెరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి అన్నీ వచ్చి వెళ్ళిపోయాయి. వెనక ఆ పొడుగు డిక్కీ చూసి జనం మెచ్చలేదు. కుక్కల వాళ్ళకు అదొక నష్టం.

ఇక బరువు సంగతి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, కట్టకుండా వదిలేసిన కుక్క మాత్రం అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. ఆ వేగం పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కిందపడినప్పుడు నేలను తాకే వేగంతో సమానం. 30 కిలోల కుక్క ఆ వేగం నుంచి అర మీటరు దూరంలో ఆగాలంటే దాని మీద సుమారు 600 కిలోల బరువుకు సమానమైన బలం పనిచేస్తుంది. ఆ బలం కుక్క ఎముకలు విరగ్గొడుతుంది, ముందు సీట్లో ఉన్న మనిషి మెడనూ విరగ్గొడుతుంది. ఒడిలో కూర్చోబెట్టుకున్నాం కదా, పట్టుకుంటాం అనేవాళ్ళున్నారు. 600 కిలోలను పట్టుకోగల చేతులు లేవు.

డిక్కీలో ఉంటే వెనక సీటు ఆపుతుంది కదా అనిపిస్తుంది. యూరప్ నిబంధనల్లో వెనక సీటు వీపును పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఒక్కోటి 18 కిలోలున్న రెండు దిమ్మెలను సీటు వెనక పెట్టి 50 కిలోమీటర్ల వేగపు గుద్దుడుకు గురిచేస్తారు, సీటు తట్టుకోవాలి. రెండూ కలిపితే 36 కిలోలు. ఒక్క జర్మన్ షెపర్డ్ బరువే దాదాపు అంత, గ్రేట్ డేన్ అయితే చాలా దాటిపోతుంది. పైగా దిమ్మె సీటు వీపుకు తగులుతుంది. కుక్క సీటు మీదుగా ఎగిరిపోగలదు. అందుకే సీటు పైనుంచి కప్పు దాకా ఇనుప జాలీ కావాలి, పెట్టెను నేలకు కట్టడానికి డిక్కీలో నాలుగు గట్టి కొక్కేలు కావాలి. కారు చూడటానికి వెళ్ళినప్పుడు డిక్కీ కార్పెట్ ఎత్తి ఈ కొక్కేలున్నాయో లేవో, ఉంటే అవి ఇనుప నేలకు బిగించినవో లేక ప్లాస్టిక్ పలకకు తగిలించినవో చూడాలి. సంచులు వేలాడదీసే ప్లాస్టిక్ కొక్కెం ఇందుకు పనికిరాదు.

వెనక సీట్లో కూర్చోబెట్టే కుక్కకు హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీ, కావాలి. మెడ పట్టీకి గొలుసు తగిలించి సీటు బెల్టుకు కట్టడం ఉరి వేయడంతో సమానం. మార్కెట్లో దొరికే ప్రతి హార్నెస్‌నూ నమ్మలేం. 2013లో అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ, సుబారు కంపెనీతో కలిసి కుక్క బొమ్మలకు హార్నెస్‌లు తొడిగి గుద్దుడు పరీక్షలు పెట్టింది. అన్నిట్లో ఒక్కటే మేటిగా నిలిచింది. పట్టీ వెడల్పుగా ఉందా, కుట్లు గట్టిగా ఉన్నాయా, బకిల్ లోహానిదా అని చూడకుండా కొన్న హార్నెస్ కుక్కను అటూ ఇటూ తిరగనివ్వకుండా ఆపుతుందేమో గానీ, ప్రమాదంలో ఆపదు.

ఎక్కడం, దిగడం గురించి షోరూంలో ఎవరూ మాట్లాడరు. గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువుంటే మంచి బండి అని మనకు ఒక గట్టి నమ్మకం. పావగడ పల్లె రోడ్లకు అది నిజమే. అయితే డిక్కీ గడప కూడా అంత ఎత్తున ఉంటుంది. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది. డిక్కీలోంచి దూకినప్పుడు ఎక్కువ దెబ్బ ఆ కాళ్ళే తింటాయి. కారు డిక్కీ ఎత్తును పోలిన దిమ్మెల మీద నుంచి కుక్కలను దూకించి బ్రిటన్ పరిశోధకులు కొలిస్తే, ఎత్తు పెరిగేకొద్దీ ముందు కాళ్ళ మీద పడే బలం పెరుగుతూ పోయింది. జర్మన్ షెపర్డ్‌లకు, లాబ్రడార్లకు తుంటి కీలు జబ్బు వంశంలోనే ఉంటుంది. అవి వయసు మీదపడ్డాక దూకి ఎక్కలేవు. ఎత్తైన బండి కొనే ఇల్లు ఒక చెక్క పలకను, దాని మీద గరుకు రబ్బరు మ్యాట్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి. ఎక్కడం దిగడం ఆ పలక మీద నుంచే అని కుక్కకు చిన్నప్పుడే అలవాటు చేస్తే ముసలితనంలో ఇంటిల్లిపాదికీ నడుం నొప్పి తప్పుతుంది.

ఇప్పుడు ఎండ. పావగడలో కారు కొనేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే.

మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెప్పుకోదగ్గ చెమట లేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. నోట్లోంచి, ముక్కులోంచి నీరు ఆవిరవుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడి పోతుంది. 30 కిలోల కుక్క ఊరికే పడుకున్నా దాని ఒంట్లో దాదాపు 45 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. కారెక్కి కంగారుపడితే అది రెట్టింపు అవుతుందనుకుందాం. బయటి గాలి ఒంటితో సమానంగా వేడెక్కినప్పుడు ఆ వేడంతా రొప్పుతోనే పోవాలి కాబట్టి గంటకు 135 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావాలి. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? మూసిన కారులోనే ఉంటుంది. గాలి తేమెక్కేకొద్దీ ఇంకా ఆవిరవడం కష్టమవుతుంది, కుక్క ఇంకా గట్టిగా రొప్పుతుంది, ఆ రొప్పే కండరాలు మరింత వేడి పుట్టిస్తాయి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల చిల్లర. 41 దాటితే వడదెబ్బే.

ఆగి ఉన్న కారు ఎంత వేగంగా వేడెక్కుతుందో 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం కొలిచి చూపింది. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ అద్దాలు కాస్త దించి ఉంచినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బయట 22 డిగ్రీల చల్లని రోజున కూడా కారు లోపల 47 డిగ్రీలకు చేరింది. ఇక ఏప్రిల్ మధ్యాహ్నం 38, 40 డిగ్రీల పావగడలో శనిమహాత్మ గుడి దగ్గర కారు ఆపి, పది నిమిషాల్లో దర్శనం చేసుకుని వస్తామనుకోవడంలోని ప్రమాదం వేరే చెప్పనక్కర్లేదు. వేసవిలో ఆగిన కారులో కుక్కను ఒంటరిగా వదలకూడదు, ఒక్క నిమిషం కూడా. ఈ ఒక్క విషయంలో ఏ కారు మోడలూ మినహాయింపు కాదు.

నడుస్తున్న కారులో కథ వేరు. ఏసీ గాలి ముందు డాష్‌బోర్డు నుంచి వస్తుంది. మధ్య సీటు దాటి డిక్కీలోని కుక్క దాకా వచ్చేసరికి అందులో ఎంత మిగిలిందన్నదే ప్రశ్న. వెనక వరుసలకు విడిగా గాలి గొట్టాలున్న బండి ఇక్కడ గెలుస్తుంది. అవి లేని బండిలో గట్టి పలక అడ్డం పెడితే గాలి ఆగిపోతుంది, అక్కడ జాలీ ఒక్కటే దారి. రంగు కూడా ముఖ్యమే. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 2011లో ఒకే మోడల్ కార్లను, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో నిలబెట్టి చూస్తే వెండి రంగు కారు లోపల గాలి 5, 6 డిగ్రీల దాకా చల్లగా ఉంది. నల్ల ఫిల్మ్ అతికిస్తే సరి అనుకోవడానికి లేదు. ముందు, వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుగును లోపలికి వదలాలని నిబంధన, 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములను నిషేధించింది కూడా.

గాలి ఆడాలని వెనక తలుపు కొంచెం తెరిచి తాడుతో కట్టి నడిపేవాళ్ళుంటారు. నడుస్తున్న బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ సందులోంచి సైలెన్సర్ పొగ లోపలికి లాగబడుతుంది. అందులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాన్ని మొదట పీల్చేది డిక్కీలోని కుక్కే, ఆ తర్వాత పిల్లలు.

ఇన్నీ చూసుకున్నాక పది లక్షల చుట్టుపక్కల నిలిచే బండ్లు కొన్నే. మారుతి ఈకో, 2010లో వచ్చింది, డబ్బా ఆకారం, పక్కకు జరిగే తలుపులు, తక్కువ ఎత్తు నేల. ముసలి కుక్క ఎక్కడానికి దీనికి మించింది లేదు, కానీ ఏసీ గాలి ముందు వరసకే, ఎండాకాలం దూరప్రయాణానికి అది లోటు. 2019లో వచ్చిన రెనో ట్రైబర్ 4 మీటర్ల గీత లోపలే ఉంటూ మూడో వరుస సీట్లను చేత్తో ఊడదీసి ఇంట్లో పెట్టుకోనిస్తుంది. అలా చేస్తే వెనక 625 లీటర్లు, పైగా వెనక వరుసలకూ ఏసీ గాలి. ఒక జర్మన్ షెపర్డ్, నలుగురు మనుషులున్న ఇంటికి ఆ ధరలో ఇది తెలివైన బండి. ఎర్టిగాలో మూడో వరుస మడిస్తే 550 లీటర్లు, రెండో వరుసకూ విడిగా ఏసీ గాలి. సీఎన్‌జీది కొంటే మాత్రం సిలిండరు సరిగ్గా కుక్క చోటులోనే కూర్చుంటుంది.

పల్లె రోడ్ల మీద అందరూ నమ్మే బొలేరోలో వెనక ఎదురెదురు సీట్ల మధ్య నేల ఉంటుంది గానీ, ఆ సీట్లు దాన్ని ఇరుకు చేస్తాయి, గడప ఎత్తు, వెనక లీఫ్ స్ప్రింగుల కుదుపు వేరే. సీట్లు శాశ్వతంగా పీకేసి పంజరం బిగించాలంటే అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పు అవుతుంది, ఆర్టీఓ అనుమతి లేకుండా కుదరదు. పాత ఇన్నోవా, క్రిస్టాల్లో మూడో వరుస సీట్లు రెండు పక్కలకూ మడిచి వేలాడతాయి. ఎత్తుకు ఢోకా లేదు, వెడల్పు తగ్గుతుంది. ఇన్నోవా హైక్రాస్‌లో అవి నేలలోకి చదునుగా మడుచుకుంటాయి, అందుకే గ్రేట్ డేన్ ఉన్న ఇల్లు డబ్బుంటే అటు చూడొచ్చు. సెడాన్ డిక్కీ గురించి చర్చే వద్దు, గాలి ఆడని ఆ పెట్టెలో ఏ ప్రాణినీ పెట్టకూడదు.

ఏ బండి ఎంచుకున్నా దాంతో పాటు ఉండాల్సిన జ్ఞానం ఒకటుంది. దారిలో కుక్క తూలుతూ, చొంగ కారుస్తూ, చిగుళ్ళు ఎర్రబడి కనిపిస్తే హెబ్బాళకు బండి వేగం పెంచకూడదు. ముందు ఆపాలి. లండన్ రాయల్ వెటర్నరీ కళాశాల వాళ్ళు ఇప్పుడు గట్టిగా చెప్పే మాట ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి అని. ఐసు కోసం వెతుక్కోనక్కర్లేదు, చేతికందిన మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి, నీడలో గాలి తగిలేలా ఉంచాలి. అందుకు పది లీటర్ల క్యాన్ ఒకటి డిక్కీలో పడుకునే కుక్క పక్కనే పట్టాలి, కొలతల్లో దానికీ చోటుండాలి.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూం వాళ్ళు పొద్దున రమ్మంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళడం మేలు. మందుల షాపులో దొరికే డిజిటల్ గది థర్మామీటరు ఒకటి డిక్కీ నేల మీద పెట్టి, ఏసీ పూర్తిగా పెట్టి, మధుగిరి రోడ్డు మీద అరగంట నడిపి చూడాలి. ఆ అరగంట తర్వాత కూడా డిక్కీ నేల దగ్గర 30 డిగ్రీలు దాటి చూపిస్తుంటే, ఆ బండి కుక్కకు పనికిరాదు. వీలైతే కుక్కనూ తీసుకెళ్ళాలి. అది వెనక తలుపు దగ్గర ఆగి ముందు కాళ్ళు పెట్టడానికి వెనకాడితే గడప ఎత్తెక్కువని అర్థం, ఎక్కి నిలబడలేక జారుతుంటే నేలకు గరుకు మ్యాట్ కావాలని అర్థం. ఈ రెండూ కొనే ముందే తెలిస్తే ధర మాట్లాడేటప్పుడు రబ్బరు మ్యాట్, ఇనుప జాలీ అందులోనే కలిపి అడగొచ్చు.